చీము పట్టిన గాయానికి జిగురు జెల్: ఏది, ఎప్పుడు, ఎవరికి

గాయాన్ని కుట్లు లేకుండా అతికించి, లోపలి క్రిములను చంపి, త్వరగా మాన్పే హైడ్రోజెల్ (నీటిని తనలో పట్టి ఉంచే మెత్తని జెల్) తయారైందన్న వార్తలు ఈ మధ్య తరచూ వస్తున్నాయి. ఇంట్లో షుగర్ పుండుతో బాధపడేవారు ఉంటే ఆ వార్త చదవగానే ఆశ పుడుతుంది. మందుల షాపుకు వెళ్లి హైడ్రోజెల్ అడిగితే చిన్న ట్యూబు ఇస్తారు. అది అంటుకోదు, గాయాన్ని మూయదు. ఆస్పత్రిలో కుట్లకు బదులు వాడే జిగురు ఉంటుంది. అది గట్టిగా అంటుకుంటుంది కానీ చీము పట్టిన గాయం మీద వాడకూడదు. ఇక వార్తలో చదివిన మూడో వస్తువు, అంటే అంటుకుంటూనే క్రిములనూ చంపే జెల్, చాలావరకు ఇంకా ప్రయోగశాలల్లోనే ఉంది. ఈ మూడింటినీ ఒకటే అనుకుని జనం పనికిరాని వస్తువు మీద డబ్బు పోస్తున్నారు. అంతకంటే విలువైన రోజులు పోగొట్టుకుంటున్నారు. ఏది ఏ పనికి వస్తుందో విడమర్చి చెప్పాలన్నదే నా ప్రయత్నం.

ముందు తేలవలసింది: గాయం మూయదగినదేనా

శుభ్రమైన కత్తి గాటును ముందు మూస్తారు, తర్వాత అది మానుతుంది. చీము పట్టిన గాయం విషయంలో ఈ వరుస తిరగబడుతుంది. ముందు తెరిచి, కడిగి, చచ్చిన కండ తీసేసి, మానే దారిలో పడ్డాక మూస్తారు. చాలాసార్లు అసలు మూయకుండా అడుగు నుంచి నిండనిస్తారు. క్రిములు ఉన్నచోట పైన మూత బిగిస్తే చీము బయటికి రావడానికి దారి ఉండదు. లోపల ఆక్సిజన్ తగ్గిపోయి, గాలి అక్కర్లేని క్రిములకు అనువైన చోటు తయారవుతుంది. పైకి చర్మం చక్కగా అతుక్కున్నట్టు కనిపిస్తూనే కింద చీముగడ్డ పెరుగుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సర్జన్లు ఈ పాఠాన్ని ఎందరో సైనికుల ప్రాణాలు పోయాక నేర్చుకున్నారు. మట్టి, గుడ్డ పీలికలు చేరిన గాయాన్ని శుభ్రం చేసి తెరిచే ఉంచడం, నాలుగైదు రోజులు చూసి చీము లేదని తేలాక కుట్లు వేయడం అప్పుడు స్థిరపడిన పద్ధతి. బాగా మురికి చేరిన గాయాలకు ఇప్పటికీ అదే పాటిస్తున్నారు.

కాబట్టి ఏ జెల్ కొనాలన్న ప్రశ్నకు ముందు, గాయంలో ఈ రోజు ఏం జరుగుతోందో చూడాలి. ఎరుపు, వేడి, వాపు, నొప్పి, చీము, దుర్వాసన ఇన్‌ఫెక్షన్ గుర్తులు. చుట్టూ ఉన్న ఎరుపు అంచు వెంట బాల్‌పెన్నుతో గీత గీయండి. కొన్ని గంటల తర్వాత ఎరుపు ఆ గీత దాటిందంటే అది వ్యాపిస్తోందని అర్థం. షుగర్ పాదంలో ఎరుపు పుండు అంచు నుంచి 2 సెంటీమీటర్లు దాటినా, జ్వరం, చలి వచ్చినా, పాదం నల్లబడినా జెల్‌ల సంగతి పక్కన పెట్టి అదే రోజు సర్జన్ దగ్గరికి వెళ్లాలి. షుగర్ వల్ల నరాలు మొద్దుబారినవారికి నొప్పి తెలియదు. నొప్పి లేదు కాబట్టి ఫరవాలేదన్న లెక్క వారికి వర్తించదు.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. పసుపు, కాఫీ పొడి, టూత్‌పేస్టు అద్ది, దాని మీద కట్టు కట్టి వచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ పొడిని గీకి తీసేసరికి గాయం మళ్లీ చిట్లుతుంది. కుళాయి నీటితో బాగా కడిగి, శుభ్రమైన గుడ్డ కప్పి తీసుకురావడం వాటన్నిటికంటే మేలు. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తుంచుకుని చెప్పండి.

మూయడానికి ఉన్నవి

చర్మంపై శుభ్రమైన గాటుకు కుట్లు, పిన్నులు, అంటించే పట్టీలు, సయనోఅక్రిలేట్ జిగురు ఉన్నాయి. ఈ జిగురులో చర్మానికి ఎక్కువగా వాడే ఆక్టైల్ రకానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1998లో అనుమతి ఇచ్చింది. తడి తగలగానే నిమిషం లోపే గట్టిపడుతుంది. వారం పది రోజుల్లో తనంతట తానే పొరలా ఊడిపోతుంది. సూది గుచ్చుకోదు కాబట్టి పిల్లల నుదుటి మీద, గడ్డం కింద తగిలే చిన్న దెబ్బలకు నేను కుట్ల కంటే దీన్నే ఇష్టపడతాను. మోకాలు, మోచేయి వంటి వంగేచోట మాత్రం కుట్లే నయం, ఎందుకంటే జిగురుతో అతికించినవి విడిపోయే అవకాశం కుట్ల కంటే కాస్త ఎక్కువ. జిగురు పూసిన చోట వ్యాజిలిన్ వంటి ఆయింట్‌మెంట్లు రాస్తే అది కరిగిపోతుంది. ఆ సంగతి ఎవరూ చెప్పకపోవడం వల్ల ఇంటికెళ్లి రాసుకునేవారున్నారు. ఇన్‌ఫెక్షన్ ఉన్న గాయం, గ్యాంగ్రీన్, మంచం పుండు మీద దీన్ని వాడకూడదని తయారీదారుల సూచనల్లోనే స్పష్టంగా ఉంటుంది.

శరీరం లోపల వాడేవి వేరు. ఫైబ్రిన్ జిగురు రక్తం గడ్డకట్టే తీరునే అనుకరిస్తుంది. మనిషి ప్లాస్మా నుంచి తీసిన ప్రొటీన్‌తో తయారవుతుంది, శరీరానికి పడుతుంది, కానీ పట్టు తక్కువ. పాలీఇథిలీన్ గ్లైకాల్‌తో చేసినవి నిజమైన హైడ్రోజెల్‌లు. రెండు సిరంజీల ద్రవాలు మొనలో కలిసి, కణజాలం మీద పడిన కొన్ని సెకన్లలో జెల్ అవుతాయి. మెదడు పొర కుట్ల దగ్గర, రక్తనాళాల కుట్ల దగ్గర కారకుండా ఆపడానికి వాడతారు. వీటికి నీరు పీల్చి ఉబ్బే గుణం ఉంది. ఇరుకైన చోట అది పక్కనున్న నరాన్ని నొక్కవచ్చు. ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను గ్లుటరాల్డిహైడ్ అనే రసాయనంతో కలిపే జిగురు పట్టులో వీటికంటే బలమైనది, కానీ ఆ రసాయనం కణాలకు మంచిది కాదు. ఇవన్నీ ఆపరేషన్ థియేటర్‌లో సర్జన్ నిర్ణయించే విషయాలు. రోగి తరఫువారు అడగవలసింది ఒక్కటే: ఇది కుట్లకు బదులా, కుట్లకు తోడా? చాలా సందర్భాల్లో తోడే.

మాన్పడానికి ఉన్నవి

గాయాన్ని ఆరబెడితే త్వరగా మానుతుందన్న నమ్మకం మనలో బలంగా ఉంది. జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు 1962లో పందుల చర్మం మీద పైపై గాయాలు చేసి, కొన్నింటిని గాలికి వదిలి, కొన్నింటికి పాలిథిన్ పొర కప్పి చూశాడు. కప్పినవాటి మీద కొత్త చర్మం దాదాపు రెండింతల వేగంతో పాకింది. పొక్కు కట్టిన గాయంలో చర్మకణాలు ఎండిన పొర కింద దారి వెతుక్కుంటూ పోవాలి, తడిగా ఉంటే నేరుగా పాకుతాయి. తడి డ్రెస్సింగులన్నిటికీ పునాది ఆ ప్రయోగమే. అయితే తడి అంటే చెమ్మ. నీళ్లలో నానడం కాదు. డ్రెస్సింగ్ ఎంపిక అంతా ఈ తేడా మీదే నడుస్తుంది.

షాపుల్లో దొరికే ట్యూబు హైడ్రోజెల్‌లో ఎక్కువ భాగం నీరే ఉంటుంది. అది గాయానికి నీటిని ఇస్తుంది. కాబట్టి పొడిబారిన గాయానికి, పసుపు పచ్చని చచ్చిన పొర అతుక్కుని ఉన్న గాయానికి అది సరైనది. ఆ పొరను మెత్తబరిచి, శరీరమే దాన్ని వదిలించుకునేలా చేస్తుంది. సెలైన్‌తో కడిగి, గాయం గుంటలో పలుచగా నింపి, పైన మరో డ్రెస్సింగ్ పెట్టాలి. ఒకటి నుంచి మూడు రోజులకు మార్చాలి. అంచు దాటి మంచి చర్మం మీదికి రాకూడదు. మార్చేటప్పుడు గాయం చుట్టూ చర్మం తెల్లగా, నానినట్టు ముడతలు పడి ఉంటే తడి ఎక్కువైందని అర్థం. జెల్ తగ్గించండి, లేదా మానేయండి. రసి బాగా కారే పుండుకు ఇదే జెల్ పెడితే పరిస్థితి చెడుతుంది. అక్కడ సముద్రపు నాచు నుంచి తీసిన ఆల్జినేట్, లేదా ఫోమ్ డ్రెస్సింగ్ కావాలి. ఇవి రసిని పీల్చుకుంటాయి. పొడి గాయానికి ఆల్జినేట్ పెడితే అంటుకుపోయి తీసేటప్పుడు నొప్పి పెడుతుంది. పలకలా ఉండే హైడ్రోజెల్ కాలిన గాయాలకు చల్లదనాన్ని, ఉపశమనాన్ని ఇస్తుంది. గాలి చొరకుండా మూసేసే హైడ్రోకొల్లాయిడ్ పట్టీని మాత్రం చీము ఉన్న గాయం మీద వేయకండి, ముఖ్యంగా షుగర్ పాదం మీద.

వెండి కలిపిన జెల్‌ల ధర బాగా ఎక్కువ. వెండి క్రిములను చంపుతుంది, అందులో సందేహం లేదు. కానీ అది క్రిమికి, కొత్తగా పుడుతున్న చర్మకణానికి పెద్దగా తేడా చూడదు. కాలిన గాయాలకు మన దగ్గర దశాబ్దాలుగా పూస్తున్న సిల్వర్ సల్ఫాడయజీన్ తెల్ల క్రీమ్ మానడాన్ని ఆలస్యం చేస్తుందని అధ్యయనాల సమీక్షలు తేల్చాయి. షుగర్ పాదం మీద అంతర్జాతీయ కార్యబృందం 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు మరింత సూటిగా ఉన్నాయి: పుండు మానడం కోసమని వెండి వంటి క్రిమిసంహారక డ్రెస్సింగులు, తేనె వాడవద్దని అవి చెబుతున్నాయి. నా సలహా కూడా అదే. క్రిములు పైపైన ఎక్కువగా ఉన్నాయని డాక్టర్ తేల్చినప్పుడు కొద్ది రోజులు వాడి ఆపేయడం వేరు. నెలల తరబడి పూయడం వేరు. రెండోది ఖర్చే తప్ప చికిత్స కాదు.

వార్తల్లో చూసే జిగురు జెల్‌లు

ఇక అందరూ ఆశగా అడిగేది. ఈ పరిశోధన నిజంగా అద్భుతమైనది, అందుకే దాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలి. తడి కణజాలం మీద జిగురు పట్టడం చాలా కష్టం, ఎందుకంటే మధ్యలో నీటి పొర అడ్డుపడుతుంది. సముద్రపు రాళ్లకు అలల దెబ్బ తట్టుకుని అంటుకునే ఆల్చిప్పలు ఈ చిక్కును ఎప్పుడో విప్పాయి. వాటి జిగురు ప్రొటీన్‌లో డోపా అనే పదార్థం ఉందని పరిశోధకుడు హెర్బర్ట్ వైట్ 1981లో వెల్లడించాడు. దానిలోని కాటెకాల్ భాగం నీటిని తోసుకుని ఉపరితలాన్ని పట్టుకుంటుంది, కణజాలంలోని అమైన్లతో బంధం కలుపుతుంది. అప్పటి నుంచి ఈ కాటెకాల్‌ను కైటోసాన్, జెలటిన్, హైల్యురోనిక్ ఆమ్లం వంటి జీవుల నుంచి వచ్చే పదార్థాలకు తగిలించి చేసిన జెల్‌లు లెక్కలేనన్ని. 2017లో హార్వర్డ్ బృందం ఒక నత్త స్రవించే బంకను ఆదర్శంగా తీసుకుని మరో దారి పట్టింది. కణజాలాన్ని తాకే వైపు కైటోసాన్ వంటి ధనావేశపు పాలిమర్ పొర, దాని వెనక సాగే ఆల్జినేట్-పాలీఅక్రిలమైడ్ జెల్. రక్తం తగిలినా పట్టు వదలలేదు. 2019లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ బృందం పొడి టేపును చూపించింది. అది తగిలిన చోట నీటిని ముందు పీల్చేసి, అయిదు సెకన్లలో కణజాలానికి అతుక్కుంటుంది.

కైటోసాన్‌కు మనతో దగ్గరి సంబంధం ఉంది. రొయ్య పెంకుల నుంచి తీసే పదార్థమది. దేశంలో రొయ్యల సాగులో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. దానికి ధనావేశం ఉంటుంది, క్రిముల పైపొరకు రుణావేశం. రెండూ ఆకర్షించుకోవడం వల్ల క్రిమి పొర దెబ్బతింటుంది. రక్తం ఆపే కైటోసాన్ పట్టీలు ఇప్పటికే ఆస్పత్రుల్లో ఉన్నాయి. అలాగే మన్యంలో గిరిజనులు తపసి చెట్టు నుంచి సేకరించే బంక చర్మానికి అంటుకునే గుణం వల్ల మలం బయటికి వచ్చేందుకు పొట్టకు సంచి అమర్చినవారి ఉపకరణాల్లో ఎన్నో ఏళ్లు వాడకంలో ఉంది. ప్రకృతిసిద్ధమైన బంకల మీద ఆశ పెట్టుకోవడంలో తప్పు లేదు.

అయితే ఇలాంటి అధ్యయనం చదివేటప్పుడు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. ఎక్కువ ప్రయోగాలు ఎలుకల మీద జరుగుతాయి. వీపు మీద సెంటీమీటరు వెడల్పున చర్మం తీసి, స్టఫైలోకోకస్ వంటి ఒక రకం క్రిమిని వేసి, ఒకటి రెండు రోజుల్లోనే జెల్ పూస్తారు. రెండు వారాల్లో గాయం మూసుకుంటుంది. ఆ చిత్రాలు చూస్తే ఎవరికైనా నమ్మకం కలుగుతుంది. కానీ ఎలుక చర్మం కింద పలుచని కండర పొర ఒకటి ఉంటుంది, అది గాయాన్ని దగ్గరికి లాగి మూసేస్తుంది. మనిషి గాయం ఎక్కువగా కొత్త కండ నిండి, పైన చర్మం పాకి మానుతుంది. జాగ్రత్తగా చేసే పరిశోధకులు అందుకే గాయం చుట్టూ గట్టి రింగు కుట్టి, చర్మం ముడుచుకోకుండా ఆపుతారు. అలా చేశారా లేదా అన్నది నేను మొదట చూసే విషయం. తర్వాత క్రిముల సంగతి. నాలుగు నెలల షుగర్ పుండులో ఒకటి కాదు, అనేక రకాల క్రిములు జిగట పొరలో గూడు కట్టుకుని ఉంటాయి. ఆ పొరలోకి మందులు సరిగా దిగవు. నిన్న వేసిన క్రిమిని చంపిన జెల్ దాన్ని చంపుతుందని చెప్పలేం. మూడోది, రక్త ప్రసరణ. ఆరోగ్యంగా ఉన్న ఎలుక కాలికి రక్తం బాగానే అందుతుంది. మూసుకుపోయిన ధమనులున్న అరవై ఏళ్ల మనిషి కాలికి అందదు.

జెల్‌లోని క్రిమిసంహారక విధానాన్ని బట్టి కూడా తేడాలుంటాయి. యాంటీబయాటిక్ నింపినవి మొదటి రోజుల్లో ఎక్కువగా వదిలి, తర్వాత కొద్దికొద్దిగా వదులుతాయి. ఆ కొద్దిపాటి మందులో బతికిన క్రిములే మొండివి అవుతాయి. పరారుణ కాంతి పడితే వేడెక్కే జెల్‌లు 50 డిగ్రీల దాకా వేడి చేసి క్రిములను చంపుతాయి, కానీ ఆ వేడి పక్కనున్న మంచి కణజాలానికీ తగులుతుంది. ధనావేశపు పాలిమర్ తానే క్రిములను చంపే జెల్‌ల మీద నాకు ఎక్కువ నమ్మకం, ఎందుకంటే మందు అయిపోవడమన్నది అక్కడ ఉండదు.

పట్టు బలం గురించి ప్రచారం ఎక్కువ. రోజూ మార్చవలసిన డ్రెస్సింగ్‌కు బలమైన పట్టు శాపం. తీసేటప్పుడు కొత్త చర్మం కూడా ఊడి వస్తుంది. అదీగాక జిగురు తనకు దొరికిన దానికే అంటుకుంటుంది. చచ్చిన పొర మీద పూస్తే చచ్చిన పొరకే అతుకుతుంది. ఎంఐటీ బృందం 2020లో బేకింగ్ సోడా, గ్లూటాథయోన్ కలిపిన ద్రవం పోస్తే నొప్పి లేకుండా ఊడివచ్చే జిగురును తయారుచేసింది. అంటుకునే బలం కంటే ఈ ఊడివచ్చే గుణమే ఇన్‌ఫెక్షన్ గాయాలకు ముఖ్యమని నా నమ్మకం, ఎందుకంటే అలాంటి గాయాన్ని తెరిచి చూడగలగాలి.

ఇన్‌ఫెక్షన్ ఉన్నా జిగురు పెట్టే చోటు: కన్ను

పైన చెప్పిన నియమానికి కంట్లో మినహాయింపు ఉంది. పొలంలో వరి ఆకో, గింజ పొట్టో తగిలి నల్లగుడ్డు మీది కార్నియాకు ఫంగస్ పుండు రావడం మన పల్లెల్లో కొత్త కాదు. ఆ పుండు లోతుగా తినేసి కార్నియాకు చిల్లు పడితే లోపలి ద్రవం కారిపోయి కన్ను పోతుంది. అక్కడ మూయకుండా ఆగడమే ప్రమాదం. మూడు మిల్లీమీటర్ల లోపు చిల్లు అయితే సయనోఅక్రిలేట్ చుక్క పెట్టి, పైన మెత్తని కాంటాక్ట్ లెన్సు కప్పుతారు. ఫంగస్ పుండ్లలో ఈ జిగురు వాడిన అనుభవాన్ని హైదరాబాద్ ఎల్‌.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వైద్యులు 2003లో ప్రచురించారు. అదే ఏడాది చండీగఢ్ వైద్యులు ఫైబ్రిన్ జిగురుతో దాన్ని పోల్చి చూశారు. ఫైబ్రిన్‌తో పుండు త్వరగా మానింది, కార్నియాలోకి కొత్త రక్తనాళాలు తక్కువగా పాకాయి. కానీ అది గట్టిపడటానికి ఎక్కువ సమయం తీసుకుంది. పైన కప్పే ఆ మెత్తని లెన్సు కూడా హైడ్రోజెలే. చెక్ శాస్త్రవేత్తలు ఒట్టో విఖ్టెర్లె, లిమ్ 1960లో ప్రకటించిన పదార్థం నుంచే మెత్తని లెన్సులు పుట్టాయి. జిగురు పెట్టాక కూడా ఫంగస్ మందు చుక్కలు ఆపరు. కార్నియా మార్పిడి అవసరమైతే దానికి తగిన వ్యవధిని ఈ జిగురు ఇస్తుంది.

షుగర్ పాదం పుండుకు ఎంచుకోవలసి వస్తే

ఖర్చు పెట్టగలిగినది కొంతే అయితే ఈ వరుసలో పెట్టండి. మొదటిది, చచ్చిన కండను, ఆనెకాయను సర్జన్ చేత తీయించడం. అప్పుడే సన్నని లోహపు కడ్డీతో పుండు అడుగు తాకి, ఎముక తగులుతోందా అని చూస్తారు. తగిలితే ఎముకకు ఇన్‌ఫెక్షన్ పాకి ఉండవచ్చు, దానికి ఏ జెల్లూ సమాధానం కాదు. రెండోది, కాలికి రక్తం అందుతోందా అన్న పరీక్ష. మూడోది, పుండు మీద బరువు పడకుండా చేసే, విరిగిన ఎముకకు వేసేలాంటి ప్లాస్టర్ కట్టు లేదా ప్రత్యేకమైన బూటు. అరికాలి పుండు మీద రోజూ నడుస్తూ ఎంత ఖరీదైన జెల్ పూసినా ఫలితం ఉండదు. ఈ మూడూ అయ్యాకే డ్రెస్సింగ్ వంతు. అప్పుడు కూడా పొడి పుండుకు మామూలు హైడ్రోజెల్, రసి కారే పుండుకు ఆల్జినేట్ లేదా ఫోమ్ సరిపోతాయి. నరాల సమస్య, రక్త ప్రసరణ లోపం రెండూ ఉండి ఇన్‌ఫెక్షన్ లేని పుండుకు సుక్రోజ్ ఆక్టాసల్ఫేట్ డ్రెస్సింగ్ పనిచేస్తుందని మంచి ఆధారం ఉంది. మీ ఊళ్లో దొరుకుతుందేమో డాక్టర్‌ను అడగండి.

అంటుకునే యాంటీబ్యాక్టీరియల్ జెల్ అంటూ ఆన్‌లైన్‌లో ఎవరైనా అమ్మజూపితే ప్యాకెట్ మీద తయారీ లైసెన్సు నంబరు ఉందా చూడండి. మన దేశంలో ఇలాంటివి 2017 వైద్య పరికరాల నియమాల కిందికి వస్తాయి. మనుషుల మీద పరీక్షించారా, ఎలాంటి గాయాల మీద పరీక్షించారని అడగండి. జవాబు ఎలుకల దగ్గరే ఆగితే కొనకండి.

ఏది ఎంచుకున్నా, మొదటి రోజున పుండు పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. వారానికోసారి అదే దూరం నుంచి, అదే వెలుతురులో మళ్లీ తీయండి. నాలుగు వారాల్లో పుండు విస్తీర్ణం సగానికి తగ్గకపోతే అది ఇదే చికిత్సతో మానే అవకాశం తక్కువ. అప్పుడు ఆ ఫోటోలన్నీ తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లి, రక్త ప్రసరణ, ఎముక, కాలి మీద పడుతున్న బరువు, ఈ మూడింటినీ మళ్లీ మొదటి నుంచి పరీక్షించమని అడగండి.